ముసురు వెలుగు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యక్రమ పత్రంలో నా పేరు పక్కన ‘ఇంజినీరు’ అని వేసి, ప్రసంగ విషయం దగ్గర ‘ఫోటోగ్రఫీ’ అని వేశారు. అచ్చు తప్పేమో అని ఇద్దరు ముగ్గురు అడిగారు. తప్పేం కాదు. ముప్ఫై ఏళ్ళుగా సెలవు రోజుల్లో కెమెరా పట్టుకుని గోదావరి గట్ల వెంట తిరుగుతున్నాను. అయితే నాకు ఇష్టమైన రోజులు వేరు. ముసురు పట్టిన రోజు, పొగమంచు దిగిన రోజు, ఎండ మొహం చాటేసిన రోజు. పదిమందీ కెమెరా బీరువాలో పెట్టేసే రోజున నేను బయటికి తీస్తాను. ఎందుకో ఈ అరగంటలో చెబుతాను. చివర్లో మన సంఘానికి ఒక పని కూడా అప్పజెబుతాను. కాబట్టి టీ కోసం ముందే లేవకండి.

‘మబ్బుగా ఉంది, ఫోటోలు రావు’ అనే మాట మనం చిన్నప్పటి నుంచీ వింటున్నాం. పాత ఫిలిం రోజుల్లో అందులో కొంత నిజం ఉండేది. ఇప్పుడు లెక్క చూద్దాం. నడినెత్తి ఎండలో నేల మీద పడే వెలుగు సుమారు 1,00,000 లక్స్. మామూలు మబ్బు రోజున అది 10,000కి అటూ ఇటూ ఉంటుంది. బాగా దట్టంగా ముసురు పడితే 1,000, 2,000కి దిగుతుంది. మనం లెక్కలు చేసుకున్న తరగతి గదిలో ట్యూబ్‌లైట్ల కింద 300 లక్స్ ఉంటే గొప్ప. అంటే ముసురు రోజున కూడా వెలుగుకు కరువేమీ లేదు. తేడా అంతా పంపకంలో ఉంది.

ఎండ ఒక్క దిక్కు నుంచి వస్తుంది. తనకు ఎదురుపడ్డదానికి అంతా ఇచ్చి, వెనకున్నదానికి ఏమీ మిగల్చదు. ఎండ పడ్డ గోడకీ, చూరు కింద చీకటికీ మధ్య వెలుగు తేడా వంద రెట్లు దాటడం మామూలే. కెమెరా ఒకదానికి సర్దుకుంటే రెండోది పోతుంది. గోడ తెల్లగా పాలిపోవాలి, లేదా చూరు కింద నల్లగా మాడిపోవాలి. మబ్బు రోజున ఆకాశం మొత్తం ఒకే దీపం అవుతుంది. తూర్పు గోడకీ పడమటి గోడకీ ఇంచుమించు సమానంగా అందుతుంది. పంక్తిలో చివరి విస్తరికి కూడా గారె అందే పెళ్ళి లాంటిదన్నమాట.

ఈ సమాన పంపకం వల్ల మొదటి లాభం వస్తువుల ఒంటి తీరు కనిపించడం. దానికి ఒక్క మాట వెతికితే ‘గరుకు’ అనొచ్చు గానీ, నునుపు కూడా అందులో భాగమే. చింత చెట్టు బెరడు, తాటి బోదె మీద మట్టలు రాలిన గుర్తులు, పాచి పట్టిన రాతి గోడ, వానకి నానిన పెంకులు, పడవ అడుగున పూసిన తారు. ఎండలో వీటిమీద వెలుగు మెరుపులుగా, నీడ మచ్చలుగా పడి అసలు రంగు దాక్కుంటుంది. పైగా తడి ఒక మేలు చేస్తుంది. పొడి రాయి పైభాగం సన్నని గరుకుతనంతో వెలుగును అన్ని వైపులా చెదరగొడుతుంది, అందుకే పాలిపోయినట్టు ఉంటుంది. నీటి పొర ఆ సందుల్ని నింపేసరికి చెదరడం తగ్గి, రాయి లోపలి రంగు పైకి వస్తుంది. ఇంటి ముందు గచ్చు కడిగినప్పుడు మన అమ్మలు రోజూ చూసిన సంగతే ఇది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మబ్బు వెలుగుకు దిక్కే లేదనుకుంటే ఫోటో చప్పగా వస్తుంది. నిజానికి దిక్కు ఉంది, అది పైనుంచి. చెట్టు కిందికో, అరుగు మీదికో, ఎత్తైన గోడ పక్కకో వెళితే ఒక వైపు ఆకాశం మూసుకుపోయి వెలుగు రెండో వైపు నుంచి వాలుగా వస్తుంది. అప్పుడు బెరడు మీద ప్రతి పగులుకూ ఒక మెత్తని నీడ పుడుతుంది. నేను గరుకు కోసం వెతికేది ఇలాంటి చోట్లే. పక్కనే గోడ లేకపోతే పెద్ద నల్ల గొడుగు ఒక వైపు అడ్డం పట్టుకున్నా పని జరుగుతుంది. వానకీ పనికొస్తుంది.

పాపికొండల దారిలో ఒక చిన్న రేవులో కొన్నేళ్ళ కిందట ఇలాగే రాళ్ళు ఫోటో తీస్తున్నాను. సన్నగా తుంపర. ఒక ముసలమ్మ చాలాసేపు చూసి, ‘ఎండొచ్చాక తియ్యి బాబూ, ఈ మబ్బులో ఏం పడుద్ది?’ అంది. కెమెరా వెనక తెర మీద బొమ్మ చూపించాను. ఆవిడ బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. ఒక రాయి అంచున ఉన్న నున్నని గాడి మీద వేలు పెట్టి, ‘ఇది మా మావగారు పడవ కట్టే చోటు. తాడు ఒరుసుకుని ఇలా అయింది’ అంది. నేను ఆ రాయిని అరగంట నుంచి తీస్తున్నాను. అందులో తాడు ఉందని నాకు తెలియదు, ఆవిడకి తెలుసు. తడి రాయి మీద సమానంగా పడ్డ వెలుగు ఆ గాడిని దాచకుండా ఉంచింది, అంతే. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఇప్పుడు నీళ్ళలో నీడల సంగతి. నీడ అంటే ఇక్కడ ప్రతిబింబం.

నీళ్ళు అద్దం లాంటివే కానీ, మనం చూసే కోణాన్ని బట్టి మంచి అద్దమో చెడ్డ అద్దమో అవుతాయి. నిలబడి తిన్నగా కాళ్ళ దగ్గరి నీళ్ళలోకి చూస్తే, పడ్డ వెలుగులో 2 శాతమే తిరిగి వస్తుంది. అందుకే అడుగున గులకరాళ్ళు కనిపిస్తాయి. చూపు నీటి మట్టానికి 30 డిగ్రీల కోణంలో ఉంటే 6 శాతం, 10 డిగ్రీలకు వంచితే సుమారు 35 శాతం, 5 డిగ్రీలకు వంచితే సగం పైమాటే. దీన్నుంచి వచ్చే సలహా ఒక్కటే. కూర్చోండి. ఇంకా వీలైతే కెమెరాను నీటికి జానెడు ఎత్తుకి దించండి. ఖరీదైన లెన్సు కొన్నా రాని ప్రతిబింబం గొంతుకూర్చుంటే వస్తుంది. మనలో మోకాళ్ళు సహకరించని వాళ్ళకి, మడత తెర ఉన్న కెమెరాలు వచ్చాయి. ఫోన్ అయితే తలకిందులుగా పట్టుకుని కటకం నీటి దగ్గరికి తేవచ్చు.

ఇంకో విశేషం. ప్రతిబింబం పైబొమ్మకి నకలు కాదు. కెమెరా నీటి మట్టానికి ఎంత పైన ఉందో, అంతే కింద నుంచి పైకి చూస్తే ఏం కనిపిస్తుందో అదే నీటిలో కనిపిస్తుంది. కాబట్టి పైబొమ్మలో గట్టు వెనక కొండ నిండుగా ఉన్నా, నీటిలో గట్టు అడ్డం వచ్చి కొండ కుదించుకుపోవచ్చు. వంతెన కమాను అడుగు భాగం నీటిలోనే బాగా కనిపించవచ్చు. తీసేముందు నీటిలో బొమ్మని విడిగా ఒకసారి చూడండి. దాని లెక్క దానిదే.

దీనికి మబ్బుతో ఏం పని అంటారా? గోదావరిని ఎండ రోజున చూడండి. ముఖ్యంగా వరద నీరు దిగిన నెలల్లో ఎర్రగా, మట్టి రంగుగా ఉంటుంది. సూర్యుడు నీటి లోపలి ఒండ్రుని నేరుగా వెలిగిస్తాడు. పైన నీలాకాశం ఆ వెలుగు ముందు తక్కువ కాంతి గలది. అందువల్ల మట్టి గెలుస్తుంది, ప్రతిబింబం ఓడిపోతుంది. మబ్బు పడితే నీటిని వెలిగించేదీ ఆకాశమే, నీటిలో ప్రతిఫలించేదీ ఆకాశమే. వాలు కోణంలో చూసినప్పుడు ఆ తెల్లని ఆకాశం మట్టి రంగుని కప్పేస్తుంది. నిన్న రాగి రంగులో ఉన్న ఏరు ఇవాళ వెండి రంగులోకి మారుతుంది. దాని మీద ఒక నాటు పడవ, ఒక గెడ, ఒక కొంగ నల్లని గీతల్లా నిలుస్తాయి. అదే ఏరు, అదే మట్టి.

ఇక పొగమంచు. చలికాలం రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి స్తంభించి ఉంటే, నేల తన వేడిని పైకి వదిలేస్తుంది. నేలని ఆనుకున్న గాలి చల్లబడి, అందులోని తేమ సన్నని బొట్లవుతుంది. ఒక్కో బొట్టు వ్యాసం సుమారు మిల్లీమీటరులో వందో వంతు. కాంతి తరంగాల కంటే ఆ బొట్టు చాలా పెద్దది. అందుకే అన్ని రంగుల్నీ ఒకే తీరున చెదరగొడుతుంది, మంచు తెల్లగా కనిపిస్తుంది. కిలోమీటరు లోపే చూపు ఆగిపోతే దాన్ని వాతావరణ శాస్త్రం పొగమంచు అంటుంది.

(తెర మీద హేవ్‌లాక్ వంతెన ఫోటో.) ఇది మనందరికీ తెలిసిన పాత వంతెన. 1900లో రైళ్ళు మొదలయ్యాయి, 1997లో ఆగాయి. ఎండ రోజున దీన్ని తీస్తే ఇనుప కడ్డీల లెక్క తప్ప ఏమీ ఉండదు. మంచులో చూడండి. మొదటి స్తంభం నల్లగా, రాతి వరసలతో సహా ఉంది. రెండోది బూడిద రంగు. మూడోది పలుచన. నాలుగోది ఉందో లేదో అన్నట్టు. ఇది లెక్క ప్రకారం జరుగుతుంది. ఒక దూరంలో వస్తువుకీ వెనకున్న తెలుపుకీ తేడా సగమైతే, రెట్టింపు దూరంలో పావు, మూడింతల దూరంలో అరపావు. మంచు మనకోసం దూరాన్ని కొలిచి, ఒక్కో మెట్టుకీ ఒక్కో రంగు వేసి పెడుతోంది. అందుకే మంచు బొమ్మకి దగ్గరలో ఒక నల్లని వస్తువు కావాలి. పడవ ముక్కో, రేవు మెట్టో, వంగిన కొబ్బరి చెట్టో. అది లేకపోతే కొలత మొదలయ్యే చోటు ఉండదు, బొమ్మ మొత్తం బూడిద గుడ్డలా ఉంటుంది.

మంచూ ప్రతిబింబమూ ఒకే సమయంలో దొరకడం యాదృచ్ఛికం కాదు. గాలి లేకపోతేనే ఇలాంటి మంచు పడుతుంది, గాలి లేకపోతేనే నీరు అద్దమవుతుంది. పొద్దెక్కి నేల వేడెక్కితే గాలి కదులుతుంది. అప్పుడు మంచూ పోతుంది, అద్దమూ చెదురుతుంది. మన వైపు డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారిన తర్వాత మహా అయితే గంటన్నర. మారేడుమిల్లి, లంబసింగి వైపు కొండల్లో ఇంకొంచెం ఎక్కువ. కాబట్టి చీకటితోనే చోటు చేరుకోవాలి. చోటు ముందురోజు సాయంత్రమే చూసి పెట్టుకోవాలి. మంచులో వెతుక్కోవడం కుదరదు.

కెమెరా ఉన్నవాళ్ళకి నాలుగు ముక్కలు. కెమెరాలోని వెలుగు కొలమానం ప్రపంచమంతా సగటున మధ్యరకం బూడిద రంగులో ఉంటుందని నమ్ముతుంది. తెల్లని మంచు చూపిస్తే దాన్నీ బూడిద రంగుకి దించేస్తుంది. అందుకని ఎక్స్‌పోజర్ రెండొంతుల నుంచి ఒక స్టాప్ వరకు పెంచండి. నల్లని తడి రాయికి అదే లెక్కన తగ్గించండి. ట్రైపాడ్ తప్పనిసరి. ఐఎస్ఓ 100, ఎపర్చర్ ఎఫ్ 8 పెడితే ముసురులో షట్టర్ సెకనులో పదిహేనో వంతుకో, ఎనిమిదో వంతుకో పోతుంది, చేతికి అందదు. రెండు సెకన్ల టైమర్ పెట్టి మీట నొక్కి చెయ్యి తీసేయండి. మంచులో ఆటోఫోకస్ తడబడుతుంది, దానికి పట్టుకోవడానికి అంచు కావాలి. చెట్టు బోదె అంచు మీద ఫోకస్ చేసి అక్కడే బిగించండి. తెల్లని ఆకాశం పైన ఖాళీగా ఉంటే చట్రం నుంచి బయటికి నెట్టేయండి. కావాలంటే నీటిలో ఎలాగూ ఉంటుంది.

పోలరైజర్ గురించి అడుగుతారు. తడి ఆకుల మీద, రాళ్ళ మీద తెల్లని మెరుపుని అది తీసేస్తుంది. రంగు చిక్కబడుతుంది. కానీ నీటిలో ప్రతిబింబాన్ని కూడా తీసేయగలదు, నీటి మట్టానికి 37 డిగ్రీల దగ్గర చూస్తే పూర్తిగా. కాబట్టి మెల్లగా తిప్పుతూ, ఆకు మెరుపు పోయి నీటి బొమ్మ మిగిలే చోట ఆపండి. రెండూ ఒకేసారి కుదరని రోజులుంటాయి. అప్పుడు ఏది కావాలో మీరే తేల్చుకోవాలి.

ఫోన్ ఉన్నవాళ్ళకి ఇంకా తేలిక. ముందు కటకాన్ని మెత్తని గుడ్డతో తుడవండి, చొక్కా జేబులో చెమట పట్టి ఉంటుంది. తెర మీద దగ్గరి నల్లని వస్తువుని వేలితో నొక్కి పట్టుకుంటే ఫోకస్ బిగుసుకుంటుంది, పక్కన వచ్చే గుర్తుని పైకో కిందికో జరిపితే వెలుగు మారుతుంది. ఏసీ కారులోంచి దిగగానే కెమెరా తియ్యకండి. చల్లని గాజు మీద తేమ పట్టేస్తుంది. సంచిలోనే ఇరవై నిమిషాలు ఉంచి బయటి వేడికి అలవాటు పడనివ్వండి. ఇంటికొచ్చాక ఫోటో సాఫ్ట్‌వేర్‌లో మంచుని తీసేసే మీట ఒకటి ఉంటుంది, దాని జోలికి వెళ్ళకండి. చలిలో నాలుగింటికి లేచి వెళ్ళింది దానికోసమే కదా!

ఇంతవరకు చెప్పింది పద్ధతి. ఇప్పుడు అసలు మాట.

ఎలియట్ పోర్టర్ అని ఒక అమెరికన్ ఉండేవాడు. 1901లో పుట్టాడు. మన ఇంజినీర్లు గర్వపడొచ్చు, హార్వర్డ్‌లో చదివింది కెమికల్ ఇంజినీరింగ్. తర్వాత వైద్యం చదివి, పరిశోధన చేసి, అన్నీ వదిలి ఫోటోగ్రాఫర్ అయ్యాడు. కొలరాడో నది మీద గ్లెన్ కాన్యన్ అనే లోయ ఉంది. దాని కింద ఆనకట్ట కడుతున్నారు. ఆ లోయ మునిగిపోకముందు పోర్టర్ పెద్ద కెమెరా మోసుకుని పడవల మీద పదే పదే వెళ్ళాడు. అక్కడ మంచు కాదు, ఎత్తైన రాతి గోడల నీడ. ఎండ నేరుగా పడని చోట, గోడ నుంచి గోడకి తగిలి వచ్చే మెత్తని వెలుగులో రాతి చారలు, తడి ఇసుక, నీటిలో కొండ రంగులు తీశాడు. 1963లో ఆనకట్ట తలుపులు దించారు. ఆ ఏడాదే ఆ బొమ్మలు పుస్తకంగా వచ్చాయి. దాని పేరుకి అర్థం ‘ఎవరూ ఎరుగని చోటు’. ఆ పుస్తకం లోయని ఆపలేదు. కానీ అక్కడ ఏముండేదో చెప్పే సాక్ష్యంగా మిగిలింది.

మన గోదావరి మీదా ఆ రోజు దగ్గర్లోనే ఉంది. పోలవరం జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు. అది నిండిన నాడు పాపికొండలు ఉంటాయి, కొండల పాదాలు ఉండవు. రేవులు, ఇసుక మేటలు, ఒడ్డున రాళ్ళు, వాటి మీద ఏటేటా వరద గీసిన గీతలు నీటి అడుగుకి పోతాయి. ప్రాజెక్టు కావాలా వద్దా అన్నది ఈ సభ విషయం కాదు. నీళ్ళు కావాలి, నేనూ ఇంజినీరునే. కానీ పోయేదాన్ని పోకముందు శ్రద్ధగా చూసి పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇందాక చెప్పిన ముసలమ్మ ఊరు ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంది. ఆవిడ మనవడు వెతుక్కుంటూ వచ్చి ఆ రాయి ఫోటో అడిగాడు. సూర్యాస్తమయం ఫోటో ఇస్తానంటే వద్దన్నాడు. ఆ తాడు గాడి కావాలన్నాడు. కాలనీ ఇంట్లో, టీవీ పక్కన, ఫ్రేము కట్టి పెట్టుకున్నారు.

అప్పటి నుంచి నేను ఫోటోని చూసే తీరు మారింది. ఎండ రోజు బొమ్మ ఎక్కువగా ఎండని గురించే చెబుతుంది. ముసురు రోజు బొమ్మ ఆ చోటుని గురించి చెబుతుంది. చోటు పోయాక జనం వెతుక్కునేది రెండోదాన్నే.

చివరిగా, మన బడి సంగతి. మన దగ్గర గ్రూపు ఫోటోలు బోలెడున్నాయి. అన్నీ ఎండలో కళ్ళు చికిలించినవే. బడి వెనక కాలువ ఎలా ఉండేదో, ఆ లాకుల రాళ్ళు, గోలీలాడిన రావి చెట్టు వేళ్ళు, ప్రహరీ మీద పాచి ఎలా ఉండేవో చూపించే ఫోటో ఒక్కటి కావాలని సంచిక సంపాదకులు ఆరు నెలలు అడిగారు. ఏ బ్యాచ్ దగ్గరా దొరకలేదు. కాలువ గట్టుకి కాంక్రీటు వేసే పని మొదలవబోతోందని వింటున్నాం. గట్టు గట్టిపడటం మంచిదే. కానీ వేసే ముందు ఒక్క చలికాలం మన చేతిలో ఉంది.

అందుకని నా విన్నపం. ఒక్కో బ్యాచ్ మన ఊళ్ళో ఒక్కో చోటు తీసుకోండి. ఒకరు రేవు, ఒకరు లాకులు, ఒకరు సంత వీధి పెంకుటిళ్ళు, ఒకరు బడి. ఫోన్ చాలు. మూడు నియమాలు. ఎండ లేని పొద్దున్నే తియ్యాలి. ప్రతి ఫోటోకీ చోటు పేరు, తేదీ రాయాలి. తీసిన తర్వాత ఆ చుట్టుపక్కల ఉండే పెద్దవాళ్ళకి ఒకసారి చూపించి, వాళ్ళు వేలు పెట్టి చెప్పింది కూడా రాసుకోవాలి. మూడోది మరిచిపోతే మొదటి రెండూ సగం పనే. అన్నీ చేర్చి ఒక ప్రతి బడి గ్రంథాలయంలో, ఒక ప్రతి సంఘం దగ్గర ఉంచుదాం. కాలువలు కట్టేసే లోపు పూర్తి చెయ్యాలి, ఎండిన కాలువలో నీడలు దొరకవు.

వచ్చే ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకి లాకుల దగ్గర ఉంటాను. పాచి మెట్ల మీద జారకుండా మంచి చెప్పులు వేసుకుని రండి. గొడుగు తెచ్చుకోండి. ఎండ కాస్తే మాత్రం ఎవరిళ్ళకి వాళ్ళం వెళ్ళిపోయి, మబ్బు పట్టిన వారం మళ్ళీ కలుద్దాం.